పాకం మర్చిపోయిన రోజు

"మీ రమ్ము ముసలిదైపోయిందండీ."

గుమ్మంలో ఇంకా గొడుగైనా ముడవకుండా ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. శాంపిల్ గదిలో ఒక చిన్న గ్లాసులో ముక్కు దూర్చి నిలబడ్డ మన కుర్రాడికి ఒళ్లు మండిపోయింది.

"రమ్ముకి ఎంత వయసొస్తే అంత విలువండీ. ఇంతకీ తమరెవరు?"

"మార్కెట్ సర్వే. మీ ఓనరుగారు పిలిపించారు. సరే, రమ్ము కాదు, దాన్ని కొనేవాళ్లు ముసలివాళ్లయ్యారు. చాలా?"

చాలదు. కుర్రాడి పని రమ్ము కలపడం. పీపాల్లో ఏళ్ల తరబడి ఊరిన రమ్మును వాసన చూసి, చుక్క నాలిక మీద వేసుకుని, దేంట్లో ఏది ఎంత పొయ్యాలో తేల్చే బ్లెండరు అతను. ఆ ముక్కు కోసం సెంటు పూసుకోడు, ఉల్లిపాయ ముట్టడు, జలుబు చేస్తే సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటాడు. వాళ్ల నాన్న అదే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా పెద్ద బ్లెండరు. అమ్మ లేబుళ్ల సెక్షన్‌కి సూపర్‌వైజరు. అలాంటి ఇంటి రమ్మునా అనేది!

"మీరు పొద్దున కాఫీ తాగారు," అన్నాడు కోపంగా. "దారిలో కమలాపండు తిన్నారు. ఆ గొడుగు నిన్నో మొన్నో కొన్నారు."

ఆ అమ్మాయి నోరు తెరిచి, చేతివేళ్లు వాసన చూసుకుని, పకపకా నవ్వేసింది. "బాబోయ్, ముక్కుగారూ! మీ ముందు అబద్ధాలాడకూడదన్నమాట."

ఆ పేరు మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ అంతా పాకిపోయింది. కుర్రాడు పంతం కొద్దీ ఆమెకి అంకెలమ్మాయి అని పేరు పెట్టాడు గానీ, వాచ్‌మన్ తప్ప ఎవరూ వాడలేదు.

ఆ నెలంతా వాళ్లిద్దరికీ ఉప్పూ నిప్పే.

"ముప్పై ఏళ్ల లోపువాళ్లు తక్కువ తాగుతున్నారు. తాగే కాస్తా బాగుండాలంటున్నారు," అనేది ఆమె, ట్యాబ్ మీద గీతలు చూపిస్తూ. "సీసా వెనక్కి తిప్పి, ఎన్నేళ్లు ఊరింది, చక్కెర ఎంత కలిపారు అని చదువుతున్నారు. తీపి వద్దంటున్నారు."

"తీపి మా రమ్ముకి ప్రాణం. పీపాకి రెండు కొలతల పాకం. అది మా నాన్న లెక్క."

"లెక్కలు నాకూ వచ్చు. నాలుగేళ్లుగా మీ అమ్మకాలు పడిపోతున్నాయి."

అమ్మకాల మాట నిజమే. ఓనరుగారు ముందే తేల్చి చెప్పేశారు: సర్వేలో పాత రమ్ము ఓడిపోతే దాన్ని ఆపేస్తాం, పీపాల గదికి తాళం వేస్తాం, పైనాపిల్ రుచి రమ్ము డబ్బాల్లో నింపి అమ్ముతాం అని. పైనాపిల్ రుచి! ఆ మాట విన్న రోజు నాన్న అన్నం తినలేదు. రిటైరవడానికి ఏడాది ఉంది ఆయనకి. తన చేతి రమ్ము తనకంటే ముందే రిటైరైపోతుందేమోనని ఆయన బెంగ.

రుచి పరీక్ష రోజు రానే వచ్చింది. అరవై మంది కుర్రకారు, నాలుగు రకాల రమ్ములు, గ్లాసుల మీద పేర్లుండవు, అంకెలే. తయారుచేసినవాడు పరీక్ష గది గడప తొక్కకూడదని అంకెలమ్మాయి నియమం. కుర్రాడు పదిహేడో పీపా నుంచి జగ్గు నింపి బల్ల మీద పెట్టి, జగ్గుకి సరిపడా పాకం కలపడానికి డబ్బా అందుకోబోయాడు.

సరిగ్గా అప్పుడే ఆమె వచ్చింది. బయట కుండపోత. గొడుగు గాలికి తిరగబడిందట. గుమ్మంలో నిలబడి, తనని తనే తిట్టుకుంటూ, చున్నీ కొసతో జుట్టు తుడుచుకుంది. తర్వాత కుర్రాడి వైపు చూసి, "ముక్కుగారూ, ఇప్పుడు నేను ఏ వాసన వస్తున్నాను?" అంది.

"వానవాసన," అన్నాడు.

ఆమె జగ్గు తీసుకుని వెళ్లిపోయింది. కుర్రాడు ఆ గుమ్మాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

మూడు రోజులకి ఫలితం వచ్చింది. ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. "గెలిచారు! అరవైలో నలభై ఒక్క మంది మీ పాత రమ్మే బాగుందన్నారు. నా అంచనా మొత్తం తప్పు. రేపు ఓనరుగారికి రిపోర్టు ఇస్తున్నాను!" తను ఓడిపోయినందుకు అంత సంతోషపడే మనిషిని కుర్రాడు అంతకుముందు చూడలేదు.

ఆమె వెళ్లాక, పరీక్ష నుంచి తిరిగొచ్చిన జగ్గులో మిగిలినది ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. పోసుకుని, కొయ్యబారిపోయాడు. తీపి లేదు. అలమరలో పాకం డబ్బా సీలు తియ్యకుండా అలాగే ఉంది.

గెలిచింది నాన్న రమ్ము కాదు. పాకం లేని రమ్ము.

నోరు మూసుకుంటే పీపాల గది నిలుస్తుంది, నాన్న మళ్లీ అన్నం తింటాడు. కానీ ఈ రిపోర్టు నమ్మి పాకం వేసిన రమ్ముతో సీసాలు నింపి బజారుకి పంపితే ఎవరూ కొనరు. అప్పుడు పరువు పోయేది ఆ అమ్మాయిది.

మర్నాడు ఓనరుగారి గదిలో నాన్న, కొత్త లేబుళ్లు పట్టుకుని అమ్మ, రిపోర్టు పట్టుకుని ఆమె. ఆమె మొదటి పేజీ తిప్పకముందే కుర్రాడు లేచాడు.

"ఆ శాంపిల్‌లో పాకం కలపలేదండీ. ఆ రిపోర్టు చెల్లదు."

ఆమె మొహం తెల్లబోయింది. "అంటే... గెలవడానికి కావాలనే చేశారా? నన్ను వెర్రిదాన్ని చేశారా?"

"కాదండీ! మర్చిపోయాను."

"ఈ పనిలో చేరిన ఐదేళ్లలో ఒక్కసారీ మర్చిపోలేదు నువ్వు," అన్నాడు నాన్న నెమ్మదిగా. "ఆ రోజే ఏమొచ్చిందిరా?"

అబద్ధమాడదామంటే ఒక్కటీ తోచలేదు. "ఈవిడ గుమ్మంలో జుట్టు తుడుచుకుంటున్నారు నాన్నా. అది చూస్తూ... ఈ నెలంతా ఈవిడతో పోట్లాడటానికే పొద్దున్నే తయారై వస్తున్నాను. నాకీవిడంటే చాలా ఇష్టం."

ఓనరుగారు దగ్గు వచ్చినట్టు నటించారు. ఆమె రిపోర్టు వెనక మొహం దాచుకుంది. అట్ట పక్కల నుంచి చెవులు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి.

నాన్న ఆ జగ్గు తెప్పించి, గ్లాసులో పోసి, కళ్లు మూసుకుని వాసన చూసి, ఒక చుక్క తాగాడు.

"ఇది మా గురువుగారి రమ్ము," అన్నాడు. "ఆయన పాకం వేసేవాడు కాదు."

"మరి పాకం ఎవరు మొదలుపెట్టారయ్యా?" అన్నారు ఓనరుగారు.

నాన్న అమ్మ వైపు చూశాడు.

"నన్ను చూస్తారేంటి?" అంది అమ్మ. "పెళ్లికి ముందు, లేబుళ్ల సెక్షన్లో కొత్తగా చేరాను. రుచి చూడమన్నారు. చేదుగా ఉందన్నాను, అంతే!"

"మర్నాడే రెండు కొలతలు పోశాను," అన్నాడు నాన్న. "ఆ ఏడు అమ్మకాలు రెట్టింపయ్యాయి. అందరికీ తీపి నచ్చిందనుకుని అదే పట్టుకు కూర్చున్నాను. ఇన్నాళ్లకి ఈ కుర్రకారు వద్దంటే ఏడుపొచ్చింది గానీ, నాకంటే ముందే ఉన్నదాన్ని వీళ్లు అడుగుతున్నారు."

ఆమె రిపోర్టు చించేసి, మళ్లీ పరీక్ష పెట్టింది. పాకం ఉన్నదీ లేనిదీ పక్కపక్కనే. లేనిది నలభై నాలుగు ఓట్లతో గెలిచింది. పైనాపిల్ డబ్బాల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ కోసం మాత్రం ఒక్క పీపా పాతపద్ధతిలో ఉంచాలని నాన్న పట్టుబట్టాడు.

కొత్త లేబులు వేసిన మొదటి సీసాలు నింపే రోజు మళ్లీ వాన. కుర్రాడు పదిహేడో పీపా ముందు జగ్గుతో కూర్చున్నాడు. గుమ్మం బయటే ఆగి ఆమె అంది: "నేనిక్కడే నిలబడతాను ముక్కుగారూ. ముందు కలపాల్సింది కలిపెయ్యండి. నన్ను చూస్తే మర్చిపోతారు."

"ఇందులో ఇక కలిపేది ఏమీ లేదుగా," అన్నాడతను, పక్కనున్న స్టూలు తుడుస్తూ. "లోపలికి రండి."