ఎనిమిది పచ్చదీపాలు

2093 నాటికి సాగరగర్భ గని మూడులో సెలవుచీటీ రాయడం చచ్చేంత కష్టమైపోయింది. 'అనివార్య కారణాల వల్ల' అని మొదలుపెడితే చాలు, తెర మీద అక్షరాలు ఆగిపోయేవి. "ఏ కారణాలు?" అని అడిగేది యంత్రం. "ఒళ్ళు బద్ధకంగా ఉంది, రేపు రాను" అని ఒప్పుకునేదాకా వదిలేది కాదు. ఆ ఉదయం క్యాంటీన్ గోడ మీద ఓ ప్రకటన మెరుస్తోంది: 'సాంబారులో ఉప్పు ఎక్కువైంది. రుచి చూడకుండా దించేశాం. తప్పు మాదే.' జనం చదివి నవ్వుకుని, అదే సాంబారు పోసుకుని వెళ్తున్నారు.

బెహరా రత్నమాల ఇడ్లీ ప్లేటు పట్టుకుని ఆ ప్రకటన రెండుసార్లు చదివి మురిసిపోయింది. మురవదా మరి! ఆ యంత్రాన్ని కన్నది ఆవిడే. కాగితాల మీద దాని పేరు క్లారిఫయర్. కళింగపట్నం తీరానికి ఎనభై కిలోమీటర్ల అవతల, నీళ్ళ అడుగున బతికే ఆ నాలుగు వందల మందికీ మాత్రం అది 'తేట'.

అది పనిచేసే తీరు తేలికే. రాసేవాడు నుదుటికి వేలెడంత పట్టీ అంటించుకుంటాడు. మనసులో ఉన్నదీ తెర మీద రాసిందీ ఒకటి కాకపోతే తేట ఆపి ప్రశ్నలు వేస్తుంది, అసలు మాట రాబట్టి సూటిగా రాసిపెడుతుంది. చదివేవాడికీ అలాంటి పట్టీయే. సంగతి అతని బుర్రకు పూర్తిగా ఎక్కినప్పుడు మాత్రమే అతని పేరు పక్కన పచ్చదీపం వెలుగుతుంది. దాన్ని రత్నమాల 'గ్రహణదీపం' అంది. కళ్ళు కాగితం మీదా, మనసు మధ్యాహ్నం కూర మీదా పెట్టి చదివితే అది వెలగదు.

ఇంత శ్రమ ఆవిడ ఊరికే పడలేదు. పన్నెండేళ్ళ కిందట గని ఒకటిలో గోడ పగిలి పంతొమ్మిది మంది పోయారు. వాళ్ళలో ఆవిడ భర్త జోగారావు ఒకడు. పగులు సంగతి మూడు వారాల ముందే నివేదికకెక్కింది. ఎక్కడ? నలభై పేజీల్లో పదకొండో పేజీలో: 'కొన్ని పరిస్థితుల దృష్ట్యా తగు శ్రద్ధ అవసరమై ఉండవచ్చునని భావించబడుచున్నది.' హెచ్చరిక స్పష్టంగా లేదు, పైవాళ్ళకు అర్థం కాలేదు, కనుక తప్పు ఎవరిదీ కాదని విచారణ సంఘం చేతులు దులుపుకుంది. ఆ వాక్యం రత్నమాలకు కంఠతా వచ్చు. అన్నం తింటూ, స్నానం చేస్తూ లోలోపల తిట్టుకునేది. ఒక్క ముక్క తిన్నగా రాసుంటే నా మొగుడు బతికేవాడు కదరా అని.

"అమ్మగోరూ!"

వెనక్కి తిరిగింది. తలుపుల మేస్త్రీ పైడిరాజు. సముద్రాన్ని బయట నిలబెట్టే ఉక్కు తలుపులన్నీ అతని చేతిలోనే ఉంటాయి.

"మీ మిసను సేత ఓ కబురు రాయించేనమ్మా. ఇంతకుముందు నాను రాసింది నాకే తెలిసీది కాదు. ఇది సదూతుంటే నాకే బయమేత్తంది."

రత్నమాల జేబులోంచి తెర తీసింది. ప్రమాదాల కబుర్లు తేట సరిగ్గా రాసిందో లేదో చూసుకోవడానికి ఆవిడకూ ఒక ప్రతి వస్తుంది. పట్టీ అంటించుకుని చదివింది.

'ఏడో తలుపు రబ్బరు వలయం చిరిగింది. పదిహేను రోజులు కూడా ఆగదు. తలుపు ఊడితే దాని వెనక గదిలో పనిచేసే ఇరవై ఆరుగురూ చస్తారు. గది ఖాళీ చేసి మూడు రోజులు పని ఆపితే వలయం మార్చగలను. ఈరోజే ఆపండి. పైడిరాజు.'

అబ్బ, ఎంత బాగుంది! ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. కింద ఏడుగురు అధికారుల పేర్లు, ఏడు పచ్చదీపాలు. ప్రతి పేరు పక్కనా ఆ గనిలో తరతరాల అలవాటు ప్రకారం ఒకే మాట: 'చూశాను.' ఆవిడ చదవడం ముగిసేసరికి ఆవిడ పేరు పక్కన ఎనిమిదో దీపం వెలిగింది.

"మరి ఆ గదెప్పుడు మూత్తారమ్మా?"

"ఏడుగురికీ అర్థమైంది కదయ్యా. మూస్తారు."

"మీరూ ఓ మాట సెప్పండమ్మా. మీరు సెప్తే ఇంతారు."

"చెప్తాలే," అంది రత్నమాల.

చెప్పడానికే డైరెక్టరు సంపతిరావు నీలాచలం గదికి వెళ్ళింది. ఆయన టేబులు నిండా వార్షికోత్సవం ఆహ్వానాలు. తొమ్మిది రోజుల్లో సభ, మంత్రిగారు దిగుతున్నారు, రత్నమాలకు సన్మానం.

"రండి రండి డాక్టర్ గారూ! మీ ప్రసంగంలోకి మంచి ఉదాహరణ ఒకటి ఉంటే బాగుంటుంది."

"ఉందండీ," అని ఆవిడ తెర ముందుకు జరిపింది. "పైడిరాజు రాసింది చూశారుగా. నాలుగో తరగతి చదివినవాడు!"

"భేష్. ఇదే చూపించండి."

తలుపు మాట నాలుక చివరిదాకా వచ్చింది. మూడు రోజులు పని ఆగితే మంత్రి రాకకు గని బోసిపోతుంది. సన్మానానికి ముందు ఈయన్ని చిరాకు పెట్టడం ఎందుకులే అనుకుంది. అయినా నేను భాష మనిషిని, తలుపులు చూసుకోవడానికి ఏడుగురున్నారు కదా అనుకుంది. కాఫీ తాగి వచ్చేసింది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. పైడిరాజు కబురు గోడంత తెర మీద వేశారు. ఇరవై ఆరుగురూ చస్తారు అన్న వాక్యం దగ్గర రత్నమాల ఆగి, "చూడండి, ఎక్కడైనా నసుగుడు ఉందా?" అని అడిగింది. నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. ఆ ఇరవై ఆరుగురూ కొట్టారు. మన గురించే కదా అని పక్కవాణ్ణి పొడిచి నవ్వుకున్నారు కూడా. కొట్టనివాడు ఒక్కడే, వెనక వరసలో పైడిరాజు.

సభ అయ్యాక దారికి అడ్డం వచ్చాడు. "మరి తలుపమ్మా?"

"రేపు గుర్తుచేస్తాలే పైడిరాజూ," అంది శాలువా సర్దుకుంటూ.

ఆ రేపు అభినందనలు అందుకోవడంలో గడిచింది. ఎల్లుండి పదకొండు గంటలకు ఏడో తలుపు ఊడింది. దానికి లోపలినుంచి ఉక్కు కడ్డీ ఆసరా పెట్టడానికి తనంతట తానే వెళ్ళిన పైడిరాజుతో కలిపి ఇరవై ఏడుగురు పోయారు.

విచారణ తీరంలో, సంస్థ కార్యాలయంలో పెట్టారు. దీపాలు యంత్రం చెప్పే సాక్ష్యం, అవి చెల్లవు, మనుషులు రాసిచ్చే వాఙ్మూలాలే చెల్లుతాయని సంఘం మొదటిరోజే తేల్చింది. వరండాలో నీలాచలం ఎదురుపడితే రత్నమాల ఊగిపోయింది.

"అర్థమైంది కదండీ మీకు! దీపం వెలిగింది! గది ఎందుకు మూయలేదు?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గని ఒకటప్పుడు నేను డిప్యూటీని డాక్టర్ గారూ. ఆ పదకొండో పేజీ కూడా మాకు అర్థమైంది. అర్థం కాకుండా ఎలా ఉంటుంది, అలా రాయమన్నదే మేం! రేపు అడిగితే అర్థం కాలేదనడానికి వీలుగా ఉంటుందని. మీ యంత్రం ఆ వీలు ఒక్కటీ తీసేసింది, అంతే."

పన్నెండేళ్ళు! ఒక వాక్యాన్ని తిడుతూ పన్నెండేళ్ళు గడిపింది, మనుషుల్ని వదిలేసి. రత్నమాలకు అతని గొంతు పిసకాలనిపించింది.

"నన్నలా చూడకండి," అన్నాడాయన. "దీపాలు లెక్కపెట్టుకున్నారా? ఎనిమిది."

వాఙ్మూలాల గది బయట బెంచీ మీద పైడిరాజు భార్య గౌరమ్మ కూర్చుని ఉంది. లేచి చెయ్యి పట్టుకుంది.

"ఆల్లందరూ ఏటేటో రాసీసినారట. నువ్వయినా ఉన్నదున్నట్టు రాయమ్మా. ఆడు నీ మిసనంటే పేనం ఎట్టుకున్నాడు."

లోపల గుమాస్తా మర్యాదగా లేచాడు. "తేటలో రాస్తారా మేడమ్, చేత్తో రాస్తారా? ఆ ఏడుగురూ చేత్తోనే రాశారు."

"తేటలోనే," అంది రత్నమాల.

పట్టీ అంటించుకుని మొదలుపెట్టింది. 'సభా ఏర్పాట్ల ఒత్తిడి కారణంగా...' అక్షరాలు ఆగిపోయాయి.

"ఒత్తిడి వల్ల మరిచిపోయారా?" అని అడిగింది తేట.

'లేదు.'

"అర్థం కాలేదా?"

'అయింది.'

"డైరెక్టరుకు చెప్పారా?"

ఆవిడ వేళ్ళు కదల్లేదు. వేళ్ళతో తేటకు పనేముంది? నుదుటి పట్టీ చాలు. తెర మీద సూటిగా, అందంగా, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా వాఙ్మూలం వచ్చేసింది.

'నేను చదివాను. అర్థమైంది. చెప్తానని మాటిచ్చాను. సన్మానం చెడుతుందని చెప్పలేదు. మిగతా ఏడుగురికీ అర్థమైంది. అందరం కలిసి చంపాం.'

కింద రెండు మీటలు: 'పంపు', 'వద్దు'. తలుపు సందులోంచి గౌరమ్మ చీర చెంగు కనిపిస్తోంది.

రత్నమాల నుదుటి మీది పట్టీ ఊడదీసింది. 'వద్దు' నొక్కింది.

"బాబూ, ఒక తెల్లకాగితం ఇస్తావా?"

గుమాస్తా ఆశ్చర్యపోలేదు. కాగితం అప్పటికే తీసి ఉంచాడు, పైన పెన్ను కూడా పెట్టాడు.

'కొన్ని పరిస్థితుల దృష్ట్యా తగు శ్రద్ధ చూపబడకపోయి ఉండవచ్చునని భావించబడుచున్నది' అని రాసి సంతకం పెట్టింది. పన్నెండేళ్ళుగా నోటికి వచ్చిన వాక్యం కదా, ఎక్కడా తడుముకోలేదు.