దిష్టి తీసిన ఉప్పు

నల్లపాడులో ఆ ఇంటికి ఎవరొచ్చినా ముందు చూసేది చేపనే. శివనాగరాజు ముచ్చటపడి తెచ్చుకున్న ఫ్లవర్‌హార్న్. ఒళ్ళంతా ఎరుపు, నెత్తిన ఇంత బొడిపె. అదృష్టం తెస్తుందని కొన్నాడుగానీ, దానికున్న పొగరు ఊళ్ళో ఎవరికీ లేదు. తోడుగా వేసిన చేపలన్నిటినీ పొడిచి చంపింది. లైటు వేస్తే తొట్టి గాజులో తన నీడనే చూసి, ఇంకో చేప తన చోటుకొచ్చిందనుకుని నెత్తితో ఢీకొట్టేది. ఠక్... ఠక్...

ఆ సాయంత్రం ముసురు పట్టింది. తడిసిన మిరపకాయల ఘాటు ఇంట్లోదాకా కొడుతోంది. శివనాగరాజు మిర్చి యార్డులో బస్తాల మీద పట్టాలు కప్పిస్తూ చిక్కుకుపోయాడు. ఇక్కడ మూడేళ్ళ భానుశ్రీకి జ్వరం దిగడం లేదు. తల్లి మల్లేశ్వరికి కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. అత్త సుబ్బరావమ్మ పిల్ల చుట్టూ కల్లుప్పు తిప్పి, కోడలి గుప్పిట్లో పోసింది.

"నీళ్ళల్లో వెయ్యవే. అది కరిగితే దిష్టీ కరుగుద్ది."

బయట జోరువాన. చేపకు నలతగా ఉన్నప్పుడు మొగుడు తొట్టిలో ఉప్పు వేయడం మల్లేశ్వరి చూసిందేగా. ఏం పోయిందిలే అని అందులోనే జారవిడిచింది.

ఉప్పు కరిగింది. కాసేపటికి పిల్ల ఒళ్ళు చల్లబడింది. చేప మాత్రం ఢీకొట్టడం మానేసి, ఓ మూల ఒదిగి బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. అత్త నిశ్చింతగా నడుం వాల్చింది. ఇంతలో కరెంటు పోయింది. పిల్ల పక్కన కొవ్వొత్తి వెలిగించి, జావ కాయడానికి మల్లేశ్వరి వంటింట్లోకి వెళ్ళింది.

ఠక్...

చేప మళ్ళీ మొదలెట్టిందనుకుంది. కానీ చప్పుడు తొట్టి వైపు నుంచి రావడం లేదు. పడగ్గదిలోంచి...

ఠక్... ఠక్...

పరుగున వెళ్ళింది. గదంతా నీచు వాసన. పిల్ల బీరువా అద్దం ముందు నిలబడి, నుదురుతో అద్దాన్ని గుద్దుతోంది. నుదురు ఎర్రగా బొడిపె కట్టింది. ఏడుపు లేదు.

"ఏంటమ్మా అది?" మల్లేశ్వరి గుమ్మంలోంచే అడిగింది.

"దాన్ని పొమ్మను." పిల్ల గుసగుసలాడింది. "ఇది నా చోటు."

నా చేతులారా నేనే చేసుకున్నానా అనుకుంది మల్లేశ్వరి. దుప్పటి లాగి అద్దం మీద కప్పేసింది. పిల్లను ఒళ్ళోకి తీసుకుని గట్టిగా హత్తుకుంది. ఆ ఒళ్ళు జిగటగా, చల్లగా ఉంది. అయినా వదల్లేదు.

"పోయిందిలే నాన్నా. ఇంక రాదు."

పిల్ల మొహం పైకెత్తింది. కొవ్వొత్తి వెలుగులో తల్లి కళ్ళలోకి అలాగే చూసింది... చాలాసేపు.

"పోలేదమ్మా... నీ కళ్ళల్లో దాక్కుంది."

అని, తల మెల్లగా వెనక్కి తీసింది.