జర్మన్ నవలలో పర్శరాములు

రాస్ అల్ ఖైమా కొండల కింద ఉన్న ఆ రాళ్ల క్వారీలో, ఎండాకాలం మూడు నెలలూ పన్నెండున్నర కాగానే మిషన్లన్నీ ఆగిపోతాయి. మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. క్యాంపు పక్కనే కాబట్టి అందరూ రూముకొచ్చి, ఇంత తిని నడుం వాలుస్తారు. నలుగురుండే ఐదో నంబరు రూములో కిటికీకి వెండిరంగు కాగితం, దాని మీద అట్టముక్కలు అంటించారు. తలుపేస్తే పట్టపగలే చిమ్మచీకటి. ఆ చీకట్లో ఫోను లైటు పెట్టుకుని దేవేందర్ నవల చదువుతుంటే మిగతావాళ్లు పడుకుని వినేవారు.

దేవేందర్ లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు. ఇంటర్ చదివాడు. గొంతు బాగుంటుంది, బాగుంటుందన్న సంగతి అతనికీ బాగానే తెలుసు. షార్జా అల్ నహ్దాలో చరణ్‌తేజ్ అనే స్నేహితుడు ఫ్లాటు ఖాళీ చేస్తూ ఇచ్చిన అట్టపెట్టెలో ఈ పుస్తకం దొరికింది. ఎవరో జర్మన్ రచయిత ఎప్పుడో రాసినది, మరెవరో పుణ్యాత్ముడు తెలుగు చేశాడు. ఆ జర్మనాయన రాసినవన్నీ ఇలాంటివేనట. వేల ఏళ్ల కిందటి రాజులు, గుళ్లు, సమాధులు, వాటి మధ్య నలిగిపోయే ఒక ప్రేమజంట. ఇందులో ఈజిప్టులో సమాధి గోడలు చెక్కే రాతిపనివాడు, పెద్దపూజారి కూతురి మీద మనసుపడతాడు.

కథ బాగుంది. చిక్కల్లా పేర్లతోనే. ఒక్కదానికీ నోరు తిరగదు. పేజీకోసారి అదే రూములో ఉండే షాహుల్ లేచి, వీడెవడు మళ్లీ అని అడిగేవాడు. చివరికి దేవేందర్ ఒక సెలవు రోజున బాల్‌పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చదివేటప్పుడు కన్ను తడబడకుండా, అచ్చులో ఉన్న పేర్లన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నల్లగా కొట్టేసి, పైన తెలిసినవాళ్ల పేర్లు రాశాడు. రాజు పేరు తీసేసి క్యాంపు బాస్ బుడేన్ సాహెబ్‌ది, సేనాపతికి షాహుల్‌ది, వంటశాల అధికారికి రూములో వంట చేసే రమీజ్‌ది. లేఖకుడు తానే. రాతిపనివాడు పర్శరాములు.

పర్శరాములు దేవేందర్ వాళ్ల ఊరివాడే. యాభై దాటాయి, క్వారీలో రాయికి తూట్లు వేసే డ్రిల్లర్. నాలుగేళ్లుగా ఇంటికి పోలేదు. వచ్చే శుక్రవారం పొద్దున విమానం. పూజారి కూతురికి తన భార్య చంద్రవ్వ పేరు పెట్టారని విన్నప్పుడు సిగ్గుతో దుప్పటి మీదికి లాక్కున్నాడు. సాయంత్రం ఫోన్లో ఆమెకు చెప్పుకున్నాడు కూడా. ఆమె నవ్వు స్పీకర్లో రూమంతా వినిపించింది. దేవేందర్‌కు ఆ రోజు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది.

సోమవారం మధ్యాహ్నం పదకొండో అధ్యాయం. సంగతి తెలిసిన పూజారి, సమాధి గోడ మీద రాతిపనివాడు చెక్కుకున్న సొంత పేరును ఉలితో చెరిపించేస్తాడు. దేవేందర్ గొంతు తగ్గించి చదివాడు. "పర్శరాములు పేరు గోడ మీద లేదు. ఇక పైలోకంలోనూ లేదు."

అప్పుడే ఏసీ ఆగిపోయింది.

అక్కడ కరెంటు ఎప్పుడూ పోదు. ఎవరూ కదల్లేదు. మిషన్ల మోత లేని మధ్యాహ్నం, గోడ అవతలి నుంచి చిన్న చప్పుడు. టక్... టక్... టక్... రాతి మీద ఉలి చప్పుడు. ఆ క్వారీలో ఉలి పట్టినవాడే లేడు, అంతా మిషన్ల పనే. తర్వాత వాసన వచ్చింది. ఎన్నో ఏళ్లు మూసి ఉంచిన గుడ్డల వాసన, ఉప్పు వాసన. రాతిదుమ్ము నాలుక మీద పేరుకుంది. ఫోను లైటు దానంతటదే ఆరిపోయింది.

పర్శరాములు మంచం కిర్రుమంది. అతను కదలలేదు... అతని పక్కన ఎవరో కూర్చున్నారు.

"తమ్మీ," అన్నాడు పర్శరాములు. "ఎవలో నా పేరు అడుగుతున్నరు."

"చెప్పకు అన్నా."

ఆ తర్వాత చీకట్లో మరో గొంతు, ఎండిపోయిన గొంతు, ఆ పేరును మెల్లగా పలికింది. పర్... శ... రాములు. రుచి చూస్తున్నట్టు పలికింది. ఆ పేరును వారం రోజులుగా పేజీ పేజీకీ పలికి దానికి నేర్పింది తనేనని దేవేందర్‌కు అర్థమైంది.

ఏసీ మళ్లీ మొదలైంది. లైటు వేసి చూస్తే పర్శరాములు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన పరుపు మీద, మనిషి కూర్చున్నంత మేర, తెల్లటి రాతిదుమ్ము.

మంగళవారం గేటు దగ్గర హాజరు మిషన్‌లో పర్శరాములు వేలు పెడితే పచ్చలైటు వెలిగింది, పేరు మాత్రం రాలేదు. ఖాళీ గీత. మిషన్ పాడైందని బుడేన్ సాహెబ్ పక్కకు నెట్టేశాడు. బుధవారానికి షాహుల్ అతన్ని ఓ పెద్దాయనా అని పిలవడం మొదలుపెట్టాడు. తమాషా అనుకున్నారు. రమీజ్ అన్నం నాలుగు పళ్లాలకు బదులు మూడింట్లోనే పెట్టి, ఎందుకలా పెట్టాడో తనకే తెలియక నిలబడ్డాడు.

నవలలకు ముందుమాట ఎవరు చదువుతారు? దేవేందర్ ఆ రాత్రి చదివాడు. జర్మనాయన తేటగానే రాశాడు. ఆ కాలం మనుషులకు పేరే ప్రాణమట. పేరు చెరిగినవాడికి చచ్చినవాళ్లలో కూడా చోటుండదట. మరో పేరు దొరికే దాకా తిరుగుతూనే ఉంటాడట. ఈ కథలోని పేర్లు తాను కల్పించినవి కావనీ, గోడల మీద చదివినవేననీ, వాటిని చదివినప్పుడల్లా ఆ మనుషులకు ఇంత నీడ దొరుకుతుందనీ కింద ఒక ముక్క.

ఆ రాతిపనివాడి అసలు పేరు వాడికి తిరిగి ఇచ్చేస్తే చాలు. దేవేందర్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కచోట, ఒకే ఒక్కచోట కొట్టెయ్యడం మరిచి ఉండకపోతానా అని మూడొందల పేజీలూ వెతికాడు. లేదు. బ్లేడుతో సిరా గీకితే కాగితం చిరిగింది. లైటుకు పెట్టి చూస్తే నల్లటి అడ్డగీత. చరణ్‌తేజ్‌కు ఫోన్ చేశాడు, రెండో కాపీ ఎక్కడా లేదన్నాడు. మొదట్లో విన్న పేరు గుర్తు తెచ్చుకోమని షాహుల్‌ను, రమీజ్‌ను బతిమాలాడు. ఆ పేరు ఎవరికీ గుర్తుండటం లేదనే కదా మార్చింది! ఇంత పాపం ఇంత సులువుగా, ఒక్క బాల్‌పెన్నుతో జరిగిపోతుందని అతనెప్పుడూ అనుకోలేదు. ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున దేవేందర్ అతని పెట్టె మోసుకుని ఆఫీసుకు తీసుకొచ్చాడు. పాస్‌పోర్టు, టికెట్ అక్కడే ఇస్తారు.

బుడేన్ సాహెబ్ ఆశ్చర్యపోయాడు. "పర్శరాములు తెల్లారకముందే పాయె కదప్పా. పాస్‌పోర్టు చేతికిచ్చి నేనే వ్యాన్ ఎక్కిస్తి." తర్వాత పక్కనున్న మనిషిని పైకీ కిందికీ చూశాడు. "ఈయన ఎవురు? కొత్తోడా?"

ఆ మనిషి దేవేందర్ మొహంలోకి చూశాడు. "నువ్వన్న చెప్పు తమ్మీ. నేనెవల్నో చెప్పు."

దేవేందర్ నోరు తెరిచాడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఇతని భుజమ్మీద కూర్చుని జాతరకు పోయాడు. మొహం తెలుసు, ఇల్లు తెలుసు, దగ్గు కూడా తెలుసు. పేరు... నాలుక మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. "అన్నా," అన్నాడు. అంతకు మించి రాలేదు.

ఆ మనిషి తల ఊపి, పెట్టె తనే తీసుకుని బయటికి నడిచాడు. ఎవరూ ఆపలేదు. ఎండలో కొండల వైపు పోతూ పోతూ కనబడకుండా పోయాడు. దేవేందర్ వెనకే పరుగెత్తాడు కానీ, ఏమని కేకేస్తాడు?

మర్నాడు మధ్యాహ్నం చంద్రవ్వ దేవేందర్‌కు ఫోన్ చేసింది. గొంతులో సంతోషమే గానీ, ఏదో బెదురు.

ఆయన నిన్న పొద్దుమీకి ఇల్లు చేరాడట. బాగా ఎండిపోయాడట. అన్నం ముట్టకుండా, చీకటి గదిలో కూర్చుని తన పేరు తనే చెప్పుకుంటున్నాడట. నాలుగేళ్లు ఒంటరిగా ఉన్నాడు కదా, అలవాటు పడతాడులే అంది. ఆ ఇంట్లోంచి బయటికి రా వదినా అని చెబుదామనుకున్నాడు దేవేందర్. ఈలోపు ఆమే మళ్లీ అందుకుంది.

"ఆయన ఒక్కడే రాలె," అంది చంద్రవ్వ, గొంతు తగ్గించి. "వాకిట్ల ఇంక నలుగురు నిలవడ్డరు. పొద్దటి నుంచి ఎండల్నే. మీ క్యాంపోళ్లేనట. బుడేన్ సాహెబట, షాహులట, రమీజట..."

దేవేందర్ చుట్టూ చూశాడు. రూము చీకటిగా ఉంది. పక్క మంచాల మీద ఇద్దరు నిద్రపోతున్నారు. వాళ్లను లేపాలి. ఏమని పిలవాలి...

"నాలుగో ఆయన దేవేందర్‌నంటుండు," అంది ఆమె. "మరి గీ ఫోన్ల మాట్లాడేది ఎవలు?"

అతను చెప్పబోయాడు. అంతలో ఫోన్లో, ఆమె వెనక నుంచి, చాలా దగ్గరగా, అచ్చం అతని గొంతే వినబడింది.

"ఫోన్ ఇటియ్యి వదినా. నేను మాట్లాడుత."