బియ్యం పడ్డాక గరిటె పెట్టినవాడు

వలెన్సియా రహస్య శాఖలో బతిస్తే తరోంచెర్ అంతటి వేషగాడు పుట్టలేదు, ఇకమీదట పుట్టబోడు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి కూడా శత్రువు చేతికి చిక్కలేదు. పాదిరీగా వెళ్ళాడు, పళ్ళ డాక్టరుగా వెళ్ళాడు, ఒక ఊరేగింపులో గుర్రం వేషానికి వెనక కాళ్ళుగా కూడా వెళ్ళాడు. కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నా పెడతాను.

అలాంటి బతిస్తే ఆ మార్చి ఉదయం పది గంటలకు సంత పక్క బారులో కూర్చుని, రొట్టె మధ్య గుడ్డట్టు పెట్టించుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ తింటున్నాడు. ఎదుటి కుర్చీలో అతని పై అధికారి ఒబ్దూలియా వచ్చి కూర్చుంది. కాఫీ కూడా చెప్పలేదు. అది చూసి బతిస్తే వేరుశనక్కాయ కింద పెట్టేశాడు.

"మస్క్లెతా ఎన్నింటికి?" అంది.

"ఈ ఊళ్ళో ఉయ్యాల్లో పిల్లల్ని కూడా ఆ ప్రశ్న అడగరు మేడమ్. పండగ అయ్యేదాకా రోజూ మధ్యాహ్నం రెండింటికి. నగరం నడిబొడ్డున, లక్షమంది ముందు, ఆరు నిమిషాలు ఔట్ల మోత."

"ఇవాళ ఆ ఔట్లలో బాంబు ఉంది. టైమర్ సరిగ్గా రెండింటికి. ఆ మోతలో అది పేలినా ఏమయిందో ఎవరికీ తెలియదు."

బతిస్తే రొట్టె పక్కకి నెట్టేశాడు. ఇవాళ మైదానంలో కంచె లోపల నిలబడి వత్తికి నిప్పు పెట్టేది అతని కూతురు చెలో. ఇరవై ఆరేళ్ళ పిల్ల. నగరం నడిబొడ్డున ఔట్లు పేల్చడం ఆమెకు ఇదే మొదటిసారి. వారం రోజులనుంచి ఇంట్లో అదే మాట. "నాన్నా, కంచె పక్కనే నిలబడాలి నువ్వు" అని పొద్దున కూడా ఒట్టు వేయించుకుంది.

"రద్దు చేయించండి" అన్నాడు.

"జనం కదిలినా, ఎవరైనా ఔట్ల తాళ్ళు తడిమినా, వాళ్ళ నాయకుడు తన రిమోట్ మీద ఎర్ర బటన్ నొక్కుతాడు. బాంబు అప్పటికప్పుడే పేలుతుంది. అక్కడ వాళ్ళ మనిషి చూస్తూనే ఉంటాడు."

"చెలోకి ఫోన్ చేస్తాను."

"పారిపోతుందా మీ పిల్ల?"

బతిస్తే తల దించుకున్నాడు. పారిపోదు. ఒక్కొక్క తాడూ విప్పి వెతుకుతుంది.

"ఆ రిమోట్‌కే పచ్చ బటన్ కూడా ఉంది" అంది ఒబ్దూలియా. "అది నొక్కితే టైమర్ ఆగుతుంది. నాయకుణ్ణి ప్రొఫెసర్ అంటారు. ఏ దేశమూ తనవాడని ఒప్పుకోని మనిషి. సంస్కృతి చూడ్డానికి, తిండి రుచి చూడ్డానికి వచ్చిన టూరిస్టుల వేషంలో నలుగురు. అల్బుఫేరా సరస్సు గట్టున ఒక పూరింట్లో పాయేయా, అదే మన పెనం అన్నం, వండటం నేర్చుకుంటున్నారు. ఐదో సీటు నీది. డెన్మార్క్ బడిపంతులువి. నలుగురిలో ఒకరు మన మనిషి, డబుల్ ఏజెంట్. ఎవరో నాకూ తెలియదు. కోడ్: 'నారింజలు ఈ ఏడు తొందరగా పూశాయి.' జవాబు: 'తేనెటీగలకింకా ఎవరూ చెప్పలేదు.'"

ఒక చెక్క చెంచా బల్లమీద పెట్టింది. "పిడి మెలితిప్పితే నిద్రమందు సూది బయటికి వస్తుంది. ఒకటే సూది."

---

పన్నెండున్నరకల్లా బతిస్తే పసుపు జుట్టు, ఎర్రరంగు పూసుకున్న ముక్కు, చెప్పుల్లో మేజోళ్ళతో సరస్సు గట్టున దిగాడు. ఆ మేజోళ్ళు వేసుకోవడానికి మనసొప్పక దారిలో రెండుసార్లు విప్పాడు.

పొయ్యిలో నారింజ కట్టెలు మండుతున్నాయి. వెడల్పాటి ఇనుప పెనంలో కుందేలు ముక్కలు వేయిస్తూ రెమెయ్ అత్త నిలబడి ఉంది. ఆ ఊళ్ళో అందరికీ ఆమె అత్తే. డెబ్భై ఏళ్ళు దాటాయి. గూఢచారులంటే ఏమిటో ఆమెకు తెలియదు, కుందేలంటే తెలుసు.

ప్రొఫెసర్ పొట్టిగా, నున్నగా, పెళ్ళికొడుకులా ఉన్నాడు. చొక్కా జేబులో రిమోట్ ఎత్తుగా కనిపిస్తూనే ఉంది. కొత్త చెప్పులు తొడుక్కున్న రెండు కొండలు అతని అంగరక్షకులు. నాలుగో ఆవిడ మదామ్ ఇర్మ్‌గార్డ్. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పట్టు గౌను. ఏడుగురిని చంపిందని పేరు. ఆవిడ నవ్వితే ఎండలో కూడా చలివేసింది.

బతిస్తే మొదటి కొండ దగ్గరికి వెళ్ళాడు. "నారింజలు ఈ ఏడు తొందరగా పూశాయి."

"నాకు నారింజ పడదు" అన్నాడు మొదటి కొండ.

రెండో కొండ దగ్గరికి వెళ్ళాడు.

"ఎక్కడ?" అని చెట్లవైపు చూశాడు వాడు.

ఇర్మ్‌గార్డ్‌ని అడగడానికి ధైర్యం చాల్లేదు. ఒంటిగంటయింది. తెల్ల చిక్కుడు గింజలు పడ్డాయి. ఒంటిగంట పావు. నత్తలు పడ్డాయి. ప్రొఫెసర్ జేబు దగ్గరికి చెయ్యి పోనిచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కొండ అడ్డం వచ్చింది. ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి అత్త మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసి, పెనమంతా సర్ది, చేతులు తుడుచుకుంది.

"అయిపోయింది. ఇక దీని జోలికి ఎవరూ పోకూడదు" అంది.

"ఓ, మనకంతా వచ్చేసింది!" అన్నాడు ప్రొఫెసర్. పక్కనే ఉన్న బతిస్తే చేతిలోని చెక్క చెంచా లాక్కుని పెనంలో ముంచి, గంజి కలిపినట్టు గిర్రున తిప్పాడు.

"కలపకురా నాయనా!"

అచ్చమైన వలెన్సియా పల్లెయాస. ఒక గొంతు కాదు, రెండు గొంతులు. ఒకటి డెన్మార్క్ బడిపంతులుది. రెండోది ఏడుగురిని చంపిన మదామ్ ఇర్మ్‌గార్డ్‌ది.

పెనం కుతకుతమంటోంది. రెండు పిస్తోళ్ళు పైకి లేచాయి.

పైన సంతకం పెడతానన్నాను గదా, ఆ కాగితం ఇటివ్వండి, చింపేద్దాం. నిజం చెప్పాలంటే దొరకడం ఇది మూడోసారి. పాదిరీ వేషంలో ఉన్నప్పుడు, సంతలో టమాటాలు నొక్కి చూసే తీరుకి సొంత పెళ్ళామే పట్టేసి ఇంటికి తీసుకుపోయింది. గుర్రం సంగతి వద్దులెండి.

---

ఇద్దరినీ వీపు వీపు ఆనించి పందిరి గుంజకు కట్టేశారు.

"నారింజలు ఈ ఏడు తొందరగా పూశాయి" అని గొణిగాడు బతిస్తే.

"ఇప్పుడా అడగడం?" అంది ఆవిడ. "గంటనుంచి ఆ కొండలతో పూల ముచ్చట్లు ఆడావు. నా దగ్గరికి రావడానికి ఏమొచ్చింది?"

"భయమేసింది. ఏడుగురిని చంపావట గదా."

"ఒక్కణ్ణీ చంపలేదు. నా పేరు ఫినా. మాది సూయెకా, వరి పండే ఊరు. నాలుగేళ్ళు వీళ్ళ మధ్య కిక్కురుమనకుండా బతికాను. గోళ్ళు పీకినా నోరు విప్పలేదు. ఇవాళ బియ్యం కలిపేసరికి…" ఆమె తల గుంజకు ఆనించింది. "మా అమ్మ గుర్తొచ్చిందయ్యా."

"నా కూతురు ఉంది ఆ మైదానంలో" అన్నాడు బతిస్తే. "కంచె లోపల."

ఫినా వెనకనుంచి అతని వేలు ఒకటి వెతికి పట్టుకుంది.

ఒంటిగంటా నలభై ఎనిమిది. ప్రొఫెసర్ పెనం పక్కన నిలబడ్డాడు. రెండో కొండ పిస్తోలు రెమెయ్ అత్త పక్కటెముకలకు ఆనింది.

"మీకు నా సంగతి చెప్పింది ఎవరు?" అన్నాడు ప్రొఫెసర్. "పేరు చెప్పండి. చెప్పకపోతే మళ్ళీ కలుపుతాను."

బతిస్తే పళ్ళు బిగించాడు. చెంచా పెనంలో గిర్రున తిరిగింది. బతిస్తే మూలిగాడు.

"పేరు?"

ఫినా కళ్ళు మూసుకుంది. చెంచా మళ్ళీ తిరిగింది.

"కావాలంటే నన్ను కాల్చెయ్యి" అని అరిచాడు బతిస్తే. "రిమోట్ ఇచ్చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను. నాకు ఒక్కతే పిల్లరా!"

మాట బయటపడ్డాకగానీ తానేమన్నాడో తెలియలేదు. ప్రొఫెసర్ ముఖం వెలిగిపోయింది.

"పిల్లా? ఆ మైదానంలోనా? అయితే మనందరం కలిసి రేడియోలో విందాం."

కిటికీలో రేడియో పెట్టించాడు. జనం ఈలలు వినబడుతున్నాయి. ఒంటిగంటా యాభై ఐదు. బతిస్తే తాడుని గుంజి గుంజి మణికట్లు తెగాయి. రక్తానికి తాడు జారుతోందిగానీ ఊడటం లేదు.

"భోజనం వేళయింది" అన్నాడు ప్రొఫెసర్. "దీనికి ఘాటు తక్కువైంది." ప్యాంటు జేబులోనుంచి కాగితం పొట్లం తీశాడు. ఎర్రటి చొరీసో, కారం దట్టించిన పందిమాంసం. పాయేయాలో అది వెయ్యడమంటే వలెన్సియాలో మహాపాపం. ముక్కలు తుంచి, వంగి, పెనంలో ఒకటి వేశాడు.

రెమెయ్ అత్త పిస్తోలుకేసి చూసింది. పెనంకేసి చూసింది.

"ఒరే," అంది నెమ్మదిగా, "కలిపావు, ఊరుకున్నాను. తుపాకీ పెట్టారు, ఊరుకున్నాను. ఇది మాత్రం మా అమ్మ పెనం."

ప్రొఫెసర్ నవ్వి రెండో ముక్క వేశాడు.

అత్త ఒడిగుడ్డతో ఆ పెనం రెండు పిడులూ పట్టుకుని ఎత్తి బోర్లించేసింది. మరుగుతున్న ఎసరు అంగరక్షకుల కొత్త చెప్పుల్లోకి, మేజోళ్ళు లేని వేళ్ళమీదికి పోయింది. ఇద్దరూ పిస్తోళ్ళు పారేసి పాదాలు పట్టుకుని ఎగురుకుంటూ సరస్సులో దూకారు. వెనక్కి తూలిన ప్రొఫెసర్ నిలదొక్కుకోవడానికి చేతిలోని చెంచా పిడి బిగించి మెలితిప్పాడు. సూది అతని తొడలోనే దిగింది. పసిపిల్లాడిలా నోరు తెరుచుకుని అక్కడే పడి నిద్రపోయాడు.

అత్త కుందేలు కోసిన కత్తితోనే కట్లు కోసేసింది.

"జేబు!" అని అరిచింది ఫినా. జేబు ఖాళీ. వంగినప్పుడే జారిపడింది. పొయ్యిమీద పొగలు కక్కుతున్న అన్నం కుప్పలో ఎక్కడో ఉంది.

రేడియోలో పండగ రాణి గొంతు: "పేల్చేవారికి మనవి. మస్క్లెతా మొదలు..."

బతిస్తే కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. చిక్కుడు గింజ. ఎముక. నత్త. చర్మం ఊడుతున్నా చెయ్యి తియ్యలేదు. నున్నగా ఒకటి తగిలింది. బయటికి లాగి మెతుకులు తుడిచి పచ్చ బటన్ నొక్కాడు. ఏడు సెకన్లు మిగిలి ఉన్నాయి.

తర్వాత రేడియోలో భూమి బద్దలైంది.

అప్పుడు పట్టుకుంది అతనికి అసలు భయం. పచ్చ బటన్ పనిచేసిందా? పనిచేయకపోయినా ఇదే మోత. ప్రతి దెబ్బకీ చెలో చనిపోయింది, ప్రతి దెబ్బకీ బతికింది. ఫినా అతని చెయ్యి నీళ్ళ బొక్కెనలో ముంచి పట్టుకుంది. అత్త కిటికీ దగ్గర కొయ్యబారిపోయి నిలబడింది. ఆరు నిమిషాలు ముగ్గురూ ఊపిరి పీల్చలేదు. ఆఖరి మోతకు రేడియో కిటికీలో కదిలింది. ఆపైన ఏమీ వినబడలేదు.

తర్వాత లక్ష గొంతులు ఒక్కసారిగా కేక వేశాయి. సంతోషం కేక.

"చెలో గారూ, మీ నాన్నగారు వచ్చారా చూడ్డానికి?" అని రేడియోవాడు అడుగుతున్నాడు.

"రాలేదండీ" అంది ఆ పిల్ల, చెవులు దిమ్మెక్కినవాళ్ళలా గట్టిగా. "ఒట్టు కూడా వేశాడు. ఎక్కడో పెనం ముందు కూర్చుని కడుపునిండా తింటూ ఉంటాడు."

బతిస్తే నేలమీద కూలబడి, కాలిన చెయ్యి బొక్కెనలో ఉండగానే, నవ్వాడు. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో తెలియలేదు. అత్త అతని పసుపు జుట్టు పీకి పక్కన పెట్టి తల నిమిరింది.

"మెతుకు తినలేదు పాపం" అంది. "కుందేలు ఇంకోటి ఉంది. కూర్చోండి."

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించింది ఉంది, ఒప్పేసుకుంటున్నాను. ఆ ఏడు సెకన్లు. మరుగుతున్న అన్నంలో చెయ్యి పెట్టినవాడు గడియారం చూస్తాడా? చొరీసో సంగతి మాత్రం నిజం. అంత ఘోరం కల్పించే మనిషిని కాను నేను.