మూర్ మార్కెట్లో పట్టు దారాల పెట్టె

ట్రాము ఇంకా ఆగనే లేదు, మంగళ దిగడానికి కాలు చాచింది. అమ్మ జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆగు మే. కాలు ఇరగ్గొట్టుకుంటే నెమలి ఎవురు కుడతారు?"

ఆ మాటకి మంగళ ఆగింది. ఆ నెమలి కోసమే కదా, స్కూలు వదలగానే వాళ్ళిద్దరూ జార్జి టౌను నుంచి మూర్ మార్కెట్టుకి బయల్దేరింది.

సంగతేమిటంటే, నిన్న కుట్టు క్లాసులో పంకజం టీచరు ఒక మాట చెప్పింది. స్కూలు వార్షికోత్సవానికి పెద్ద టేబుల్ క్లాత్ మీద నెమలి కుట్టాలి. సొంత రింగు ఉన్నవాళ్ళకే ఆ పని. రింగు అంటే ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు చెక్క గాజులు. వాటి మధ్య గుడ్డ పెట్టి మర బిగిస్తే ముడత లేకుండా డప్పులా నిలుస్తుంది. రింగు లేనివాళ్ళు ఎప్పటిలాగే డస్టర్లకు అంచులు కుట్టుకోవాలి. పోయినేడాదంతా మంగళ అంచులే కుట్టింది. డస్టరు కనబడితే చాలు, ఆవలింత వచ్చేది.

కొత్త రింగు ధర విని నాన్న, వచ్చే నెల చూద్దాం అన్నాడు. వచ్చే నెల దాకా నెమలి ఆగుతుందా? దొరలు సీమకి పోతూ పోతూ అమ్మేసిన సామానంతా మూర్ మార్కెట్లో తేలుతుందని పక్కింటావిడ చెప్పింది. ఇంకేం, మర్నాడే ప్రయాణం.

మార్కెట్టంతా పాత గడియారాలు, గ్రామఫోన్ పెట్టెలు, పుస్తకాల గుట్టలు, పంజరాల్లో చిలకలు. అమ్మ ఎంత గట్టిగా చెయ్యి పట్టుకుందంటే, మంగళ గాజులు చర్మంలోకి నొక్కుకుపోయాయి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో, ఎవరిని అడగాలో నడిచినంతసేపూ చెబుతూనే ఉంది. మంగళ వింటేగా. ఆమె కళ్ళు కొట్టు కొట్టుకీ ముందే పరుగెత్తుతున్నాయి.

ఒకచోట చక్రం లేని కుట్టు మిషను, ఇంకోచోట చిరిగిన లేసు. రింగు మాత్రం లేదు.

చివరికి ఒక మూల, నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్న తలపాగా తాత ముందు మంగళ ఠక్కున ఆగిపోయింది. లాంతరు పక్కన ఒక రేకు పెట్టె. మూత తీసింది. లోపల వరసగా గుచ్చిన సూదులు. కొంగ ముక్కులాంటి కత్తెర. సూది పోటు తగలకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ. దారాలు, అచ్చంగా నెమలి మెడ రంగు దారాలు. వాటి కింద, గుండ్రంగా, రింగు. పెట్టె పక్కన పట్టా మీద దానికంటే పెద్ద రింగు ఇంకొకటి ఉంది. బుట్ట చేత పట్టుకున్న ఒకావిడ దాన్ని తిప్పి చూస్తోంది.

మంగళ అమ్మ కొంగు లాగింది. "అమా, పట్టు దారం" అంది గుసగుసగా.

మద్రాసు తెలుగు ఇళ్ళల్లో ఇదొక వాటం. అంగట్లో బేరం అరవంలో, గుట్టు తెలుగులో.

"మొగం అట్ట ఎలిగించబాక" అంది అమ్మ, తెలుగులోనే. "ఆయన చూస్తే ధర పెంచేస్తాడు. బాగలేదన్నట్టు ఉండు."

ఈ ఆట మంగళకి భలే నచ్చింది. పెదవి విరిచి అరవంలో అందుకుంది. పెట్టె సొట్టపోయిందంది. మర తుప్పు పట్టిందంది. ఈ రింగుకే కాదు, ఆ పెద్ద రింగుకి కూడా పురుగు పట్టింది చూడండి అంది. అంతలోనే అమ్మ చెవిలో తెలుగులో, "తుప్పూ లేదు, పురుగూ లేదు మా. మర నూనె పెట్టినట్టు తిరగతా ఉండాది. పాపం, తాతకి పట్టు దారానికీ నూలు దారానికీ తేడా తెలీదు. అంత తలపాగా ఉండాది గానీ, దాని కింద ఏమీ లేనట్టుండాది."

అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

తాత రెండు రూపాయలన్నాడు. అమ్మ ఒకటి అంది. తాత ఒకసారి మంగళ వైపు చూసి, సరేనని తల ఊపాడు. అంతే. అంత సులువుగా బేరం తెగుతుందని ఇద్దరూ అనుకోలేదు.

తాత పెట్టెను కాగితంలో చుట్టి, పురికొసతో కట్టి, మంగళ చేతికిచ్చాడు.

"జాగ్రత్త పాపా. కత్తెర మొన శానా సన్నం. పట్టు దారాలు ఎండలో పెట్టబాక, రంగు ఎలిసిపోతాది."

శుభ్రమైన తెలుగు. అమ్మ బిగుసుకుపోయింది. మంగళ చెవులు కాలిపోయాయి.

"మాది పుత్తూరు పక్క" అన్నాడు తాత. "తలపాగా కింద ఇంకా నాలుగెంట్రుకలు ఉండాయిలే."

అమ్మ తడబడుతూ, తప్పు తనదేనని, పిల్లకి తనే నేర్పానని చెప్పింది. ఇంకో రూపాయి తీసివ్వబోయింది. తాత పుచ్చుకోలేదు.

"పట్టని తెలిసే ఇచ్చినా అమ్మణ్ణీ. పాప కండ్లు చూసినాక ఇంకేం బేరం. దానికి బాధ లేదు." ఆయన పెద్ద రింగు మీది దుమ్ము తుడిచాడు. "ఇది పోతే ఈ పూట మూట కట్టేసి ఇంటికి పోదామనుకున్నా. పురుగు పట్టిందని ఆయమ్మ నమ్మేసె. పెట్టేసి పోయింది."

మంగళ తిరిగి చూసింది. బుట్ట ఆవిడ చిలకల పంజరాల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంక పోదాం రమ్మని అమ్మ చెయ్యి లాగింది. సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడి ఉంది.

మంగళ చెయ్యి విడిపించుకుంది. తాత చేతిలోని రింగు అందుకుని జనంలోకి పరుగెత్తింది. వెనక అమ్మ కేక వినబడుతూనే ఉంది.

ఆయాసపడుతూ ఆవిడ ముందుకెళ్ళి నిలబడి, అరవంలో ఉన్నదంతా చెప్పేసింది. ధర తగ్గించుకోవడానికే అబద్ధమాడానని, రింగు నిక్షేపంలా ఉందని. ఆవిడ నమ్మలేదు. ముసలాయన పంపాడా, ఆయన మనవరాలివా అని అడిగింది. చుట్టూ నలుగురు ఆగి చూస్తున్నారు. మంగళకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ కదల్లేదు. తన పావడా అంచునే రింగు మధ్య పెట్టి, మర బిగించి, వేలితో కొట్టింది. టప్ మంది.

ఆవిడ వంగి, మరను తనే వదులు చేసి, మళ్ళీ బిగించి చూసింది. నవ్వింది. వెనక్కి నడిచింది.

అప్పటికి అమ్మ వచ్చి మంగళ రెక్క పట్టుకుంది. తిట్టబోయి, బుట్ట ఆవిడ తాత ముందు కూర్చోవడం చూసి ఊరుకుంది.

తాత ధర చెప్పాడు. ఆవిడ అనుమానంగా మంగళ వైపు తిరిగి, అంత చేస్తుందా అని అడిగింది. చీకటి పడుతోంది, పోదాం పా అని అమ్మ తెలుగులో మెల్లగా తొందర పెట్టింది.

మంగళ అరవంలోనే, తాతకీ చుట్టూ ఉన్నవాళ్ళకీ వినబడేలా జవాబిచ్చింది.

"చేస్తుంది అక్కా. ఆయన అడిగింది ఎక్కువేమీ కాదు."