ఎవరూ అడగని మాట

అప్పీలు వాదనకి ముందురోజు సాయంత్రం లాయరమ్మ తన ఆఫీసులో రిహార్సల్ వేసుకోవడం మామూలే. గుమస్తా ఎదుటి కుర్చీలో జడ్జిగా కూర్చుంటాడు. తెలిసిన రెండు ప్రశ్నలే తిప్పి తిప్పి అడుగుతాడు, మధ్యలో ఆవలిస్తాడు.

ఈసారిది ఉరిశిక్ష కేసు. ఇంటి ఓనరు ముసలావిడను గొంతు నులిమి చంపాడని, ఆమె ఇంట్లో అద్దెకున్న టైలర్‌కి కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. ఆధారమల్లా పక్కింటతని మాటే. ఆవిడ కేక విన్నాడట, వెంటనే టైలర్ బయటికి రావడం చూశాడట. అప్పుడు టైలర్ తరఫున వాదించిన మహానుభావుడు ఆ పక్కింటతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అక్కడ అడగనిది పై కోర్టులో లేనట్టే. ఫైలు తెరిచినప్పుడల్లా లాయరమ్మకి ఒళ్ళు మండిపోతోంది. చేతులు కాలాక తీరిగ్గా తనకి ఆకులు అందించారు.

గదిలో వెలుతురు తగ్గింది. లైటు వేద్దామని లేచేసరికి, పాత బీరువా తెరిచినట్టు కలరా ఉండల వాసన కొట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. గుమస్తా ఆవలింత మధ్యలో ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది...

పెదవులు కదలలేదు. మాట వచ్చింది.

"నేను అరవలేదమ్మా."

ముసలావిడ గొంతు. గుసగుస.

"ఎ... ఎవరు?"

"గొంతు నులిమేస్తే అరుపెక్కడిది? ఆ అబ్బాయి అప్పటికి ఇంట్లోనే లేడు."

లాయరమ్మకి భయం కంటే ముందు కోపమే తన్నుకొచ్చింది.

"ఇప్పుడా చెప్పేది? రికార్డులో లేని మాట నేనేం చేసుకోను? మీ సాక్ష్యం ఎవరు తీసుకుంటారు?"

కలరా ఉండల వాసన ఇంకా దగ్గరికొచ్చింది...

"అయితే నేనే వస్తాను."

గుమస్తా ఆవలింత ముగించాడు. "రెండో ప్రశ్న అడగమంటారా అమ్మా?" అన్నాడు.

మర్నాడు కోర్టులో ఆమె గొంతు ఎండిపోయేదాకా వాదించింది. గోడకి చెప్పుకున్నట్టే అయింది. "ఆ సాక్షిని అప్పుడే అడగాల్సింది" అన్న మాటే జడ్జి పట్టుకుని వదల్లేదు. ఉన్నట్టుండి కళ్ళజోడు సర్దుకుని ఆమె భుజం మీదుగా చూశాడు.

"మీ వెనకాల పెద్దావిడ చెయ్యెత్తి నిలబడ్డారు. ఇక్కడ సాక్షుల్ని వినం. కూర్చోమనండి."

లాయరమ్మ తిరిగి చూసింది. వెనక బెంచీ ఖాళీ.

"అప్పీలు కొట్టేస్తున్నాం."

టైలర్ ప్రాణం ఆ రెండు మాటల్లో పోయింది. లాయరమ్మ కూర్చోబోయింది.

కుదరలేదు... నల్లగౌను అంచు వెనక నుంచి ఎవరో పిడికిట బిగించి పట్టుకున్నారు. ఎంత లాగినా వదలడం లేదు.