చెత్త ఫోన్లో కవచం

ఉదయం పదకొండు గంటలకు సెలూన్ యజమాని కస్టమర్ మెడకు తెల్లగుడ్డ కట్టి, నురగ పూసి, కత్తి తీశాడు. కస్టమర్ గుడ్డ కింది నుంచే కాల్చాడు. సైలెన్సర్ పిస్టల్ రెండుసార్లు టప్, టప్ మంది. యజమాని అద్దం పట్టుకుని కిందికి జారిపోయాడు. అద్దం మీద అయిదు వేళ్ళ గీతలు ఎర్రగా మిగిలాయి. కస్టమర్ లేచి, మొహం తుడుచుకుని, క్రాపు సరిచూసుకుని మరీ వెళ్ళాడు. అంత తీరిక ఆ వెధవకి!

ఆరు రోజుల్లో ఇది మూడో హత్య. మొదట డ్రైవరు, తర్వాత లిఫ్ట్ మెకానిక్, ఇప్పుడితను. ముగ్గురూ ఒక విదేశీ ముఠా మీద కన్నేసి డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేసేవాళ్ళే. ఇక మిగిలింది ఒక టైలరమ్మ. ముఠా పెద్దలు ఆవిడ దగ్గరే కోట్లు కుట్టించుకుంటారు, కొలతలు ఇస్తూ నోరు జారుతుంటారు. కేసు చూస్తున్న ఏజెంట్ ఆవిడకి సొంత తమ్ముడు. ఆవిడని ఈ పనిలోకి దింపింది కూడా అతనే.

ఆఫీసులో అందరూ అతన్ని అనుమానం అంటారు. ఉచితంగా వచ్చే ఏ యాప్‌ని చూసినా "దీనికి తిండి ఎవరు పెడుతున్నారు?" అని అడిగే రకం. అందరూ వాడే చాట్, మ్యాప్, మెయిల్ అన్నీ పీకేసి, కోడ్ బయటపెట్టినవీ, ఫోన్ నంబరైనా అడగనివీ ఏరి ఏరి పెట్టుకున్నాడు. క్యాంటీన్లో అతని మీద జోకులకు కొదవ లేదు.

మొదటి ఇద్దరి ఫోన్లూ శవాల దగ్గర దొరకలేదు. ఈసారి మాత్రం కుర్చీ కిందికి జారడంతో హంతకుడి కంటపడని ఫోన్ సెలూన్లో అనుమానానికి దొరికింది. చనిపోయిన మనిషి వేలితోనే దాన్ని తెరిచి, మళ్ళీ లాక్ పడకుండా సెట్ చేసి జేబులో వేసుకున్నాడు. నేరుగా బ్రీఫింగ్‌కి వెళ్ళాడు.

చీఫ్ పక్కన నెమలి అని అందరూ పిలిచే ఆమె కూర్చుని ఉంది. ముఠాలోంచి మనవైపు దూకిన మనిషి అని ఆమె మీద చీఫ్‌కి గట్టి నమ్మకం. నీలం సిల్కు గౌను, మనిషి కంటే ముందు గదిలోకి వచ్చే సెంటు. ఇప్పుడు డిపార్ట్‌మెంట్‌కి సైబర్ సెక్యూరిటీ కన్సల్టెంట్.

"మీవాళ్ళు చచ్చింది అందరూ వాడే ఆ చాట్ యాప్ వల్ల," అంది నెమలి. "లొకేషన్ అది అమ్ముతుంది, ముఠా కొంటుంది. దానికి బదులు ఇదిగో, కవచం. ప్రైవసీ కోసమే పుట్టింది. ఒక్క ట్యాప్ చాలు."

"కోడ్ చూడొచ్చా?" అడిగాడు అనుమానం.

"సీక్రెట్."

"సర్వర్ ఎక్కడుంది?"

"అదీ సీక్రెట్."

"మరి కాంటాక్ట్స్ మొత్తం ఎందుకు అడుగుతోంది? లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఎందుకుండాలి?"

నెమలి తియ్యగా నవ్వింది. "మిమ్మల్ని కాపాడ్డానికి."

"తాళం అమ్మినవాడు తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటానంటే ఎలాగండీ?"

"చాల్లేవయ్యా!" విసుక్కున్నాడు చీఫ్. "టైలరమ్మకి లింకు పంపేశాం. ఇన్‌స్టాల్ చేసినట్టు కూడా చూపిస్తోంది."

 అనుమానం బల్ల కింద జేబులోని ఫోన్ తీసి చూశాడు. సెలూన్ యజమాని పాత చాట్ యాప్ తీసేసి ఎనిమిది రోజులైంది. దాని స్థానంలో కవచం ఉంది. రహస్యంగా కవచం పంచింది నెమలి, దాని లొకేషన్ పట్టుకుని చంపింది ముఠా. మొదటి ఇద్దరి ఫోన్లు ఎందుకు మాయమయ్యాయో ఇప్పుడు అర్థమైంది.

నోరు విప్పితే చీఫ్‌ని ఒప్పించడానికే అరగంట పడుతుంది. అక్కకి అంత టైమ్ లేదు. బాత్రూమ్ వంక పెట్టి బయటపడ్డాడు. బైక్ మీద వెళ్తూ తామిద్దరూ వాడే యాప్‌లో నాలుగుసార్లు కాల్ చేశాడు. అక్క ఎత్తలేదు.

షాపులోకి దూసుకెళ్ళేసరికి ఆవిడ కుట్టుమిషన్ తొక్కుతోంది.

"కవచం వేసుకున్నావా?"

"వేశాను. చెత్త ఫోన్లో." అక్క తల ఎత్తలేదు. "కాంటాక్ట్స్ అడిగే యాప్ ఏదైనా సొంత ఫోన్లోకి కాదు, ఖాళీగా పడున్న చెత్త ఫోన్లోకే అని రెండేళ్ళుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు కదరా! నీ మాట విని చుట్టాల గ్రూపులోంచి కూడా బయటికొచ్చాను. పెద్దమ్మ నేను అలిగాననుకుంటోంది. పిన్ని కూతురి పెళ్ళి ఫోటోలు అందరూ చూశారు, నేను తప్ప."

"ఆ ఫోన్ ఎక్కడుంది?"

"ఎదుటి లాండ్రీలో చార్జింగ్ పెట్టాను. వాళ్ళు భోజనానికెళ్ళారు."

కిటికీలోంచి చూశాడు. ఒకడు చేతిలో ఫోన్ చూసుకుంటూ లాండ్రీలోకి వెళ్తున్నాడు. వాడి చెవి వెనక ఎండిన నురగ ఉంది.

"గడియ పెట్టుకో. బయటికి రాకు," అని చెప్పి అనుమానం రోడ్డు దాటాడు.

లాండ్రీ అంతా ఆవిరి. హంతకుడు వేలాడుతున్న కోట్లని ఒక్కొక్కటే తోస్తూ పిస్టల్‌తో వెతుకుతున్నాడు. అనుమానం వెనకనుంచి దూకాడు. గుండు పేలి అతని ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. పళ్ళు బిగబట్టి వాడి మణికట్టుని స్టీమ్ ప్రెస్ మీద అదిమి, కాలితో పెడల్ తొక్కాడు. పైమూత దిగింది. వాడి కేకకి కిటికీ అద్దాలు అదిరాయి. పిస్టల్ నేల మీద పడింది. మిగిలిన చేత్తో వాడు వైరు హ్యాంగర్ అనుమానం మెడకి బిగించాడు. కళ్ళు బైర్లు కమ్ముతుండగా చేతికి ఇస్త్రీపెట్టె తగిలింది. దాన్ని ఎత్తి వాడి కణత మీద కొట్టాడు. రెండో దెబ్బకి వాడు కదల్లేదు.

అప్పుడు సెంటు వాసన వచ్చింది.

"నేను రాకపోతే పని జరిగేలా లేదు," అంది నెమలి. ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ఉంది. దాని కొసన సన్నటి బారెల్. "టైలరమ్మ ఎక్కడ? మూడు లెక్కపెడతాను."

"తెలీదు."

"ఒకటి."

పిస్టల్ మూడడుగుల దూరంలో ఉంది. భుజంలోంచి రక్తం కారుతోంది. అక్క గడియ పెట్టుకుని ఉంటే చాలు అనుకున్నాడు.

"రెండు."

కోట్లు పక్కకి జరిగాయి. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర నెమలి మణికట్టులో పిడిదాకా దిగింది. లిప్‌స్టిక్ పేలి, గుండు ఆవిరి గొట్టానికి తగిలింది. నెమలి ఎడమ చేత్తో నేల మీది పిస్టల్‌కోసం వంగింది. అనుమానం ముందుగా అందుకున్నాడు. ఈసారి ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా కాల్చాడు.

ఆవిరి తగ్గాక అక్క కోట్ల మధ్యలోంచి బయటికొచ్చింది. "దొడ్డిదారిన వచ్చాను. ఆమె నీ వెనకాలే రావడం కిటికీలోంచి చూసి ఆగలేకపోయాను," అంది.

"నిన్ను దీన్లోకి దింపింది నేనేనక్కా. తప్పు చేశాను." అతను కుడిచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడవకు. ముందా భుజం ఇటు తిప్పు." ఆవిడ కొత్త కోటు లైనింగ్ పర్రున చించి కట్టు కట్టింది. ఆలోగా అతను సెలూన్ ఫోన్లోని కవచం ఫోటో, నెమలి శవం ఫోటో చీఫ్‌కి పంపాడు.

ఫోన్ మోగింది. చీఫ్ గొంతు బాగా తగ్గింది. "కవచం అందరి ఫోన్లలోంచీ తీసేయిస్తున్నాను. నువ్వు వాడేవేవో రాసి పంపు. అందరం మారిపోతాం."

అక్క ఫోన్ లాక్కుని కట్ చేసింది. "ఆఫీసు సంగతి తర్వాత. ముందు మన చుట్టాల గ్రూపు మొత్తాన్ని ఆ మంచి యాప్‌లోకి మార్పించు. నలభై ఒక్కమంది. పెద్దమ్మతో మొదలుపెట్టు."

అనుమానం నేల మీది శవాలకేసి చూశాడు, భుజం కట్టుకేసి చూశాడు, పెద్దమ్మని తలుచుకున్నాడు.

"తుపాకీ పట్టుకున్నవాళ్ళు ఇంకెవరైనా మిగిలుంటే చెప్పక్కా," అన్నాడు. "ముందు వాళ్ళ పని చూసొస్తాను."